కలాన్ని నమ్ముకున్న నర్మద్

పాఠం ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కవి నర్మద్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• రచన మీదే ఆధారపడి బతకడంలోని కష్టసుఖాలను వివరించగలుగుతారు.
• మీ ఊరి గురించి, మీ పని గురించి నిజాలు సేకరించి రాయడం మొదలుపెట్టగలుగుతారు.

1. పరిచయం

మీరు సూరత్‌లో ఖటోదరా పారిశ్రామికవాడలో పనిచేస్తున్నారా? లేక మీ అన్నయ్యో, బావగారో అక్కడ మగ్గాల మీద పనిచేస్తూ ప్రతి పండుగకూ ఊరికి వచ్చిపోతూ ఉంటారా? తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో చేనేత కుటుంబాలు సూరత్‌కు వలసవెళ్లాయి. ఆ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు బడులను కూడా నడుపుతోంది. అందుచేత సూరత్ మనకు పరాయి ఊరు కాదు.

ఆ ఊళ్లో తిరిగేవారికి ఒక పేరు పదే పదే కనిపిస్తుంది. ఉధ్నా–మగ్దల్లా రోడ్డులో ఉన్న విశ్వవిద్యాలయం పేరు వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. ఘోడ్ దోడ్ రోడ్డులోని పెద్ద గ్రంథాలయం పేరు కవి నర్మద్ కేంద్ర గ్రంథాలయం. ఒకచోట వీరుడు, ఒకచోట కవి. ఎవరీ నర్మద్? కత్తి పట్టని మనిషిని వీరుడని ఎందుకు అంటున్నారు?

ఉద్యోగం వదిలి, రాసిన రాతతోనే బతుకుతానని పట్టుబట్టిన మనిషి నర్మద్. ఇప్పుడు ఏ పత్రికలోనూ నెలజీతానికి కుదురుకోకుండా స్వతంత్రంగా వార్తలు, వ్యాసాలు రాసేవారిని ఫ్రీలాన్స్ జర్నలిస్టులు అంటున్నాం. ఆ మాట మన దేశంలో వాడుకలోకి రాకముందే నర్మద్ ఆ పని చేశాడు. 24 సంవత్సరాలు చేశాడు. ఆ తరువాత ఏమైందో కూడా మనం తెలుసుకోవాలి. ఎందుకంటే ఈ కథ విజయంతో మాత్రమే ముగిసేది కాదు.

2. సూరత్ బిడ్డ

నర్మద్ పూర్తి పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. 1833 ఆగస్టు 24న సూరత్‌లో నాగర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. తండ్రి లాల్‌శంకర్ బొంబాయిలో లేఖకుడుగా పనిచేసేవాడు. అంటే రాతపనే ఆ ఇంటికి అన్నం పెట్టింది. తండ్రి ఇతరుల కోసం రాశాడు. కొడుకు తన మనసులో మాట రాయాలనుకున్నాడు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి.

అప్పటి సూరత్ ఇప్పటి సూరత్ కాదు. ఒకనాడు మొగలు చక్రవర్తుల కాలంలో అది పెద్ద రేవుపట్టణం. ఓడలు నిండా సరుకులు ఎగుమతి అయ్యేవి. హజ్ యాత్రికులు అక్కడి నుంచే బయలుదేరేవారు. నర్మద్ పుట్టేనాటికి వ్యాపారమంతా బొంబాయికి తరలిపోయింది. ఆయనకు నాలుగేళ్లు నిండకముందే, 1837లో, ఘోర అగ్నిప్రమాదం ఊరిలో చాలా భాగాన్ని బూడిద చేసింది. అదే ఏడాది తాపీ నదికి వరద కూడా వచ్చింది. అలా వెలుగు తగ్గిన ఊళ్లో, పాత వైభవం గురించి పెద్దలు చెప్పుకునే మాటలు వింటూ ఆ పిల్లవాడు పెరిగాడు. ఆ మాటలు తరువాత ఆయనకు ఎలా ఉపయోగపడ్డాయో ముందు ముందు చూస్తారు.

3. రెండుసార్లు ఆగిన చదువు

నర్మద్ చదువు కొంత సూరత్‌లో, కొంత బొంబాయిలో సాగింది. బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో పై చదువుకు చేరాడు. 1850లో తల్లి చనిపోయింది. చదువు ఆపి సూరత్‌కు వచ్చేశాడు. తాపీ నదికి ఆవలి ఒడ్డున ఉన్న రాందేర్‌లో 1852లో బడిపంతులుగా చేరాడు. కొన్నాళ్లకు మళ్లీ బొంబాయి వెళ్లి చదువు కొనసాగించాడు. 1856లో రెండోసారి చదువు ఆగిపోయింది. ఇక కళాశాలకు తిరిగి వెళ్లలేదు.

చదువు మధ్యలో ఆగిపోయినవారిలో మీరూ ఒకరు కావచ్చు. అయితే నర్మద్ ఏం చేశాడో గమనించండి. బడి ఆగిందిగాని నేర్చుకోవడం ఆగలేదు. ఆయనకు పద్యాలు రాయాలని కోరిక. ఛందస్సు తెలియదు. నేర్పేవారు దొరకలేదు. సూరత్‌లో ఒక తాపీమేస్త్రీ దగ్గర ఛందస్సు గ్రంథం ఒకటి ఉందని తెలిసింది. పండితుల ఇంట దొరకని పుస్తకం మేస్త్రీ ఇంట దొరికింది. నర్మద్ సిగ్గుపడకుండా ఆయన దగ్గరికి వెళ్లి దాన్ని నకలు రాసుకున్నాడు. అలా నేర్చుకున్నదాన్ని తనలోనే దాచుకోలేదు. తనలాంటివారి కోసం ఛందస్సు మీద ఒక పుస్తకం రాసి 1857లో అచ్చువేయించాడు.

అంతకుముందే ఇంకొక పని జరిగింది. 1851లో, పద్దెనిమిదేళ్లు కూడా నిండని వయసులో, మిత్రులతో కలిసి ఒక సభను ఏర్పాటుచేసి, మనుషులు సంఘంగా కూడితే కలిగే లాభాల గురించి ప్రసంగవ్యాసం చదివాడు. గుజరాతీ భాషలో వ్యాసం అనే ప్రక్రియకు దాన్నే తొలి మెట్టుగా చెబుతారు. అప్పటిదాకా గుజరాతీలో గొప్ప సాహిత్యమంతా ఎక్కువగా పద్యరూపంలోనే ఉండేది. పదిమందికీ సంబంధించిన విషయాన్ని మామూలు వచనంలో వాదించి చెప్పవచ్చునని ఆ కుర్రవాడు చూపించాడు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1

అ) నర్మద్ ఏ సంవత్సరంలో, ఏ ఊళ్లో పుట్టాడు?
ఆ) ఛందస్సు గ్రంథం ఆయనకు ఎవరి దగ్గర దొరికింది?
ఇ) మీకు తెలియని విషయాన్ని మీరు ఎప్పుడైనా అనుకోని మనిషి దగ్గర నేర్చుకున్నారా? నాలుగు వాక్యాలు రాయండి.

4. ఉద్యోగానికి సెలవు

నర్మద్ బొంబాయిలో మళ్లీ ఉపాధ్యాయుడయ్యాడు. నెల తిరిగేసరికి జీతం వచ్చేది. కాని రోజంతా తరగతిలోనే గడిచిపోయేది. రాయడానికి వ్యవధి చిక్కేది కాదు. ఉద్యోగమా, రచనా అన్న ప్రశ్న ఆయన్ని వేధించింది. 1858 నవంబరు 23న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి తన కలం వైపు చూసినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయని, ఇకమీదట బిడ్డ తల్లిని ఆశ్రయించినట్లు ఆ కలాన్నే ఆశ్రయిస్తానని అనుకున్నానని ఆయన తరువాత రాసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 25 సంవత్సరాలు. ఇంట్లో భార్య డాహీగౌరి ఉంది. వెనుక ఆస్తి లేదు.

ఇది ఎంత సాహసమో మీకు అర్థం కావాలంటే ఆనాటి పరిస్థితి తెలియాలి. అప్పటికి గుజరాతీలో పత్రికలు లేకపోలేదు. 1822లో ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్ అనే పార్సీ ప్రముఖుడు స్థాపించిన ముంబై సమాచార్ అప్పటికే నడుస్తోంది. అది నేటికీ వెలువడుతోంది. కాని చదవనేర్చినవారు తక్కువ. పుస్తకం కొనేవారు ఇంకా తక్కువ. రచయితకు డబ్బు రావడానికి నాలుగు దారులుండేవి. ముందుగా చందాదారులను పోగుచేసి, వారి డబ్బుతో పుస్తకం అచ్చువేయడం ఒకటి. విద్యాశాఖవారు బడుల కోసం ప్రతులు కొనడం రెండు. ధనవంతులైన సేఠులు సాయం చేయడం మూడు. నాటక సమాజాలకు నాటకాలు రాసివ్వడం నాలుగు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ నెలనెలా వచ్చేది కాదు. వచ్చినప్పుడు వస్తుంది. రానప్పుడు రాదు. పైగా ధనికుడి సాయం తీసుకున్న రచయిత ఆ ధనికుడి తప్పును రాయగలడా? ఈ చిక్కు నర్మద్‌కు ఉంది. నేటికీ పాత్రికేయులకు ఉంది.

5. డాండియో – నిద్రలేపే కర్ర

1860 నాటికి బొంబాయిలో సంఘసంస్కరణ వాదాలు జోరుగా సాగుతున్నాయి. వితంతువులకు పునర్వివాహం తప్పుకాదని నర్మద్ వాదించాడు. ఆ ఏడాది ఆగస్టులో వైష్ణవ మతగురువు జదునాథ్‌జీ మహారాజ్‌తో బహిరంగంగా చర్చకు నిలబడ్డాడు. ఆ తరువాత మతగురువుల నడవడిని విమర్శిస్తూ ఆయన మిత్రుడు కర్సన్‌దాస్ ముల్‌జీ తన పత్రిక సత్యప్రకాశ్‌లో వ్యాసం రాశాడు. మహారాజ్ పరువునష్టం దావా వేశాడు. 1862లో బొంబాయి సుప్రీంకోర్టు తీర్పు కర్సన్‌దాస్‌కు అనుకూలంగా వచ్చింది. పత్రికలో అచ్చయిన ఒక వ్యాసం ఎంత దూరం పోగలదో, దానికి రాసినవాడు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ఆ తరం వారందరూ కళ్లారా చూశారు.

అయినా నర్మద్ వెనుకంజ వేయలేదు. 1864 సెప్టెంబరు 1న నలుగురైదుగురు మిత్రులతో కలిసి ఒక పక్షపత్రికను మొదలుపెట్టాడు. దాని పేరు డాండియో. నవరాత్రులలో గుజరాతీలు ఆడే దాండియా మీరు చూసే ఉంటారు. ఆ కర్ర పేరుకు సంబంధించిన మాటే ఇదీ. డాండియో అంటే డోలు మోగించే కర్ర. నిద్రపోతున్న సంఘాన్ని మోత చేసి లేపడమే పత్రిక పని అని ఆ పేరే చెబుతుంది. ఇంగ్లండులో 18వ శతాబ్దం ఆరంభంలో వెలువడిన స్పెక్టేటర్ పత్రిక వారికి ఆదర్శం. కాని భాష మాత్రం అరువు తెచ్చుకున్నది కాదు. సూరత్ వీధుల్లో జనం మాట్లాడుకునే పదును, హాస్యం, ఎత్తిపొడుపు అన్నీ అందులో ఉన్నాయి.

ఆ రోజుల్లో బొంబాయిలో ఒక వెర్రి పుట్టింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయింది. మన దేశపు పత్తికి గిరాకీ పెరిగింది. బొంబాయిలోకి డబ్బు వరదలా వచ్చింది. ఆ డబ్బుతో రోజుకొక కంపెనీ పుట్టేది. జనం వాటాల కోసం ఎగబడ్డారు. గుమాస్తాలు, బడిపంతుళ్లు కూడా ఒక్క రాత్రిలో లక్షాధికారులం అవుతామని కలలు కన్నారు. డాండియో ఈ వాటాల పిచ్చిని ఎండగట్టింది. 1865లో అమెరికా యుద్ధం ముగిసింది. పత్తి ధర పడిపోయింది. కంపెనీలు కుప్పకూలాయి. ఎన్నో కుటుంబాలు వీధిన పడ్డాయి.

ఇక్కడ ఒక విషయం ఆలోచించండి. సేఠులు దివాలా తీస్తే వారి సాయంతో సాగే పుస్తకాలు, పత్రికలు కూడా ఇబ్బందిపడతాయి. అంటే నర్మద్ హెచ్చరించిన ప్రమాదం నిజమైనప్పుడు దాని దెబ్బ ఆయన వృత్తికీ తగిలేదే. పాత్రికేయుడు సంఘానికి బయట నిలబడి రాయడు. తాను కూర్చున్న కొమ్మ గురించి కూడా నిజమే చెప్పవలసి వస్తుంది. డాండియో 1869 వరకు నడిచింది. ఆ తరువాత వేరొక పత్రికలో కలిసిపోయింది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2

అ) నర్మద్ ఉద్యోగం ఎప్పుడు వదిలాడు? ఎందుకు వదిలాడు?
ఆ) డాండియో అనే పేరు ఆ పత్రికకు ఎలా తగింది?
ఇ) రాతతో బతికే మనిషికి ఆనాడు డబ్బు వచ్చే మార్గాలు ఏవి?

6. హకీకత్ – ఉన్నది ఉన్నట్లు

హకీకత్ అనే మాట మీకు కొత్త కాదు. ఉర్దూ వాడుక ఉన్న ఊళ్లలో వాస్తవం, నిజస్థితి అనే అర్థంలో వింటాం. గుజరాతీలోనూ అదే అర్థం. నర్మద్ రాసిన రెండు పుస్తకాల పేర్లలో ఈ మాట ఉంది.

మొదటిది సూరత్ గురించి. పేరు సూరత్‌నీ ముఖ్తేసర్ హకీకత్. అంటే సూరత్ నగరపు సంక్షిప్త వాస్తవాలు. 1860ల మధ్యలో దీన్ని రాశాడు. ఊరు ఎప్పుడు ఎలా పెరిగింది, శివాజీ దండయాత్రలు, విదేశీ వర్తకుల రాక, నవాబుల పాలన, అగ్నిప్రమాదాలు, వరదలు, వ్యాపారం తగ్గిపోవడం, జనుల నడవడి – ఇటువంటివి ఇందులో వస్తాయి. పురాణకథగా కాక, సంవత్సరాలు, సంఘటనలతో ఒక ఊరి కథ చెప్పాలన్నది ఆయన ఆలోచన. ఈ రోజుల్లో కెమెరాతో డాక్యుమెంటరీ చిత్రం తీసేవారు చేసే పని ఇదే. వారికి కెమెరా ఉంది. నర్మద్‌కు కలం ఉంది. ఇద్దరికీ కావలసింది ఓపిక, నిజం మీద గౌరవం.

రెండో పుస్తకం తన గురించి. పేరు మారీ హకీకత్. అంటే నా వాస్తవం. 1866లో, 33 ఏళ్ల వయసులో రాశాడు. గుజరాతీలో తొలి ఆత్మకథ ఇదే. తాను గొప్ప పండితుణ్ణి కాననీ, ధనవంతుణ్ణి కాననీ తెలిసే రాశాడు. మన దేశంలో తమ జీవితాన్ని తామే రాసుకునే అలవాటు లేదు కాబట్టి ఆ అలవాటు మొదలు కావాలన్నాడు. అన్నీ చెప్పకపోవచ్చుగాని, చెప్పినంతవరకు తనకు తెలిసిన నిజమే చెబుతానన్నాడు. అలాగే చేశాడు. చిన్నప్పటి పిరికితనం, డబ్బు ఇబ్బంది, స్నేహితులతో తగాదాలు, తన పొరపాట్లు – వీటిని దాచలేదు. అది తన జీవితకాలంలో బయటికి రావడం ఆయనకు ఇష్టం లేదు. ఆయన శతజయంతి ఏడాది, 1933లో, అది పుస్తకంగా ప్రజల చేతికి వచ్చింది. రాసిన 67 సంవత్సరాలకు!

మనకు తెలుగులో కందుకూరి వీరేశలింగం గారు గుర్తుకు రావడం సహజం. ఆయన 1874లో వివేకవర్ధని పత్రిక స్థాపించారు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారు. స్వీయచరిత్ర రాశారు. గుజరాత్‌లో ఒకరు, ఆంధ్రదేశంలో ఒకరు. వేరువేరు భాషలు. కాని ఇద్దరి చేతిలో పనిముట్లు ఒకటే: పత్రిక, వచనం, తన కథను తానే చెప్పుకునే ధైర్యం.

7. పన్నెండేళ్ల పని

నర్మద్ పద్యాలు రాస్తున్నప్పుడు ఒక లోటు కనిపించింది. గుజరాతీ మాటలకు గుజరాతీలోనే అర్థం చెప్పే నిఘంటువు లేదు. ఆ పని ఒక సంస్థ చేయాలి. పదిమంది పండితులు కూర్చోవాలి. నర్మద్ ఒక్కడే మొదలుపెట్టాడు. 1861 నుంచి కొన్ని భాగాలు విడివిడిగా వెలువడ్డాయి. 1873లో మొత్తం గ్రంథం నర్మకోశ్ అనే పేరుతో వచ్చింది. అందులో 25 వేలకు పైగా మాటలున్నాయి.

ఇది పాత్రికేయుడి పనేనా అని మీరు అడగవచ్చు. ఒక విధంగా అవును. పాత్రికేయుడు సంఘటనలను సేకరిస్తాడు. నిఘంటుకారుడు మాటలను సేకరిస్తాడు. ఇద్దరూ జనం దగ్గరికి పోయి వినాలి, రాసుకోవాలి, సరిచూసుకోవాలి. ఆ నిఘంటువుకు ముందుమాటగా గుజరాత్ నేలను కీర్తిస్తూ ఒక గీతం రాశాడు. 2011లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని రాష్ట్రగీతంగా స్వీకరించింది. బడిపిల్లలందరూ పాడే పాట ఒక నిఘంటువు ముందుపేజీల కోసం పుట్టిందన్నమాట.

కాని పన్నెండేళ్లు శ్రమపడిన పుస్తకం కడుపు నింపలేదు. నిఘంటువు కొనేవారెందరు? ఇలాంటి గ్రంథం అచ్చుకు ఖర్చు ఎక్కువ, రాబడి నెమ్మది.

8. మాట, చేత

నర్మద్ వితంతు వివాహాన్ని రాతలోనే సమర్థించి ఊరుకోలేదు. 1869–70 ప్రాంతంలో తాను స్వయంగా ఒక వితంతువును పెళ్లాడాడు. ఆమె పేరు నర్మదాగౌరి. దీనికోసం సొంత కులంవారి ఆగ్రహాన్ని ఎదుర్కొన్నాడు. అందుకే ఆయన్ని వీరుడన్నారు.

అయితే మనం నిజం చెప్పుకోవాలి కదా. అప్పటికి భార్య డాహీగౌరి జీవించే ఉంది. ఒక స్త్రీకి న్యాయం చేసిన పని ఇంకొక స్త్రీకి ఎలా తోచిందో కూడా అడగాలి. నర్మద్ పుస్తకాల్లో నర్మద్ గొంతు వినిపిస్తుంది. ఆ ఇంటి ఆడవారి గొంతు మనకు అంతగా వినిపించదు. మీరు ఎవరి జీవితం రాసినా, మాట్లాడే అవకాశం లేనివారు ఆ కథలో ఎవరున్నారో ఒకసారి వెతకండి.

వయసు పెరిగేకొద్దీ నర్మద్ అభిప్రాయాలు కూడా మారాయి. పాశ్చాత్యులను చూసి చేసే సంస్కరణ మనకు మేలు చేయదని, ముందు మన ధర్మాన్ని, చరిత్రను తెలుసుకోవాలని చెప్పసాగాడు. ప్రపంచ చరిత్రను గుజరాతీలో రాసిన మొదటివారిలో ఆయన ఒకడు. 1885లో ధర్మవిచార్ అనే గ్రంథం వెలువడింది. పాత మిత్రులు కొందరు నొచ్చుకున్నారు. కొందరు వెక్కిరించారు. ఆయన మాత్రం తన మనసు మారిన సంగతి దాచుకోలేదు. సుధారకుడని పేరు తెచ్చిపెట్టిన పాత రాతలను ఆసరా చేసుకుని నటించలేదు. ఆ మార్పు సరైనదా, కాదా అనేది వేరే చర్చ. మీరు కూడా మీ తరగతిలో చర్చించవచ్చు.

9. మాట తప్పిన రోజు

ఎన్నో ఏళ్లు అలా గడిచాయి. నర్మద్ సూరత్ పాత పట్టణంలోని ఆమ్లీరాన్‌లో ఇల్లు కట్టుకుని దానికి సరస్వతీ మందిర్ అని పేరు పెట్టుకున్నాడు. కాని సరస్వతి ఉన్నచోట లక్ష్మి నిలవలేదు. అప్పులు పెరిగాయి. పాత కవుల కావ్యాలను పరిష్కరించాడు. నాటక సమాజాల కోసం రామాయణ, భారత కథలతో నాటకాలు రాసిచ్చాడు. 1870లో కొడుకు జయశంకర్ పుట్టాడు. కుటుంబం గడవాలి.

చివరికి 1882లో ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. బొంబాయిలోని గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మసంస్థలో కార్యదర్శి పని. 24 సంవత్సరాల కిందట కలం ఎదుట చేసుకున్న ప్రతిజ్ఞ అక్కడ ముగిసింది. ఆయనకు అది తీరని దుఃఖం. ఒకరి దగ్గర పనిచేయడం తప్పని కాదు. తనకు తాను ఇచ్చుకున్న మాట నిలబెట్టుకోలేకపోయానని.

ఆ తరువాత ఆరోగ్యం కూడా దెబ్బతింది. 1886 ఫిబ్రవరిలో బొంబాయిలో నర్మద్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 52 సంవత్సరాలు.

ఇప్పుడు మీరు చెప్పండి. నర్మద్ ఓడిపోయాడా?

ప్రతిజ్ఞను మాత్రమే చూస్తే ఓడిపోయాడనే అనాలి. కాని ఆ 24 ఏళ్లలో ఏం జరిగిందో లెక్కవేయండి. గుజరాతీ వచనం నిలదొక్కుకుంది. ఒక పత్రిక పెద్దమనుషులకు భయపడకుండా ఐదేళ్లు నడిచింది. ఒక ఊరి చరిత్ర, ఒక మనిషి నిజమైన కథ, 25 వేల మాటల నిఘంటువు తయారయ్యాయి. ఇవేవీ 1882లో రద్దు కాలేదు. ఉద్యోగంలో చేరినవాడు కూడా అంతకుముందు రాసినవాడే. జీతం తీసుకున్నంత మాత్రాన కలం మైలపడదు. బతుకుతెరువు కోసం చేసే పని, మనసు పెట్టి చేసే పని ఒకటి కాకపోవచ్చు. రెండూ ఒకటే అయితే అదృష్టం. కాకపోతే రెండింటినీ మోయాలి. మగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడి, రాత్రి ఈ పుస్తకం తెరిచిన మీకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

నేడు ఆయన పుట్టినరోజు ఆగస్టు 24ను గుజరాతీ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆమ్లీరాన్‌లోని ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు. 1967లో ఏర్పడిన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి 2004లో ఆయన పేరు చేర్చారు. కళాశాల చదువు రెండుసార్లు ఆగిపోయిన మనిషి పేరు విశ్వవిద్యాలయం తలుపు మీద ఉంది.

10. మీరు చేయగలిగింది

స్వతంత్రంగా రాస్తూ బతకాలని మీలో ఎవరికైనా కోరిక ఉంటే నర్మద్ జీవితం నుంచి కొన్ని సంగతులు తీసుకోవచ్చు.

మొదటిది: మీకు తెలిసిన చోటి నుంచి మొదలుపెట్టండి. నర్మద్ తన ఊరి గురించి రాశాడు. మీరు ఖటోదరా గురించో, మీ ఊరి చెరువు గురించో, మీరు పనిచేసే కార్ఖానా గురించో రాయండి. అక్కడ పెద్దవారిని అడగండి. ఇద్దరు చెప్పింది ఒకటేనా అని సరిచూడండి. ఏ సంవత్సరంలో జరిగిందో రాయండి.

రెండోది: మాటలు పోగుచేయండి. మగ్గం భాగాలకు, నూలు రకాలకు మీ ఇంట్లో వాడే తెలుగు మాటలు ఎన్ని ఉన్నాయి? సూరత్ కార్ఖానాలో వాటికే వాడే గుజరాతీ, హిందీ మాటలు ఏవి? ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. రేపు అది ఎవరికో ఉపయోగపడుతుంది.

మూడోది: ఉద్యోగం వదిలేముందు లెక్క చూసుకోండి. ఆరునెలల ఖర్చుకు సరిపడా చేతిలో ఉందా? రాసిన వ్యాసానికి డబ్బు ఎప్పుడు ఇస్తారో ముందే అడిగారా? ఒకే పత్రిక మీద, ఒకే మనిషి మీద ఆధారపడకుండా ఉన్నారా? నర్మద్ ఆవేశంలో తీసుకున్న నిర్ణయానికి ఆయన కుటుంబం కూడా మూల్యం చెల్లించింది. ధైర్యం మంచిదే. లెక్క కూడా మంచిదే.

నాలుగోది: నలుగురిని కూడగట్టుకోండి. డాండియో ఒక్కడి పత్రిక కాదు. పదిహేడేళ్లప్పుడు నర్మద్ చదివిన మొదటి వ్యాసమే సంఘంగా కూడడం గురించి!

సారాంశం

నర్మద్ 1833లో సూరత్‌లో పుట్టాడు. 1858లో ఉపాధ్యాయ వృత్తి వదిలి రచనతోనే జీవించాలని నిశ్చయించుకున్నాడు. 1864 నుంచి 1869 వరకు డాండియో పక్షపత్రిక నడిపి, మూఢాచారాలను, వాటాల పిచ్చిని విమర్శించాడు. సూరత్ చరిత్ర, ఆత్మకథ, నర్మకోశ్ నిఘంటువు ఆయన ముఖ్యమైన వచన రచనలు. అప్పుల వల్ల 1882లో ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. 1886లో మరణించాడు. ప్రతిజ్ఞ నిలవలేదుగాని, దాని కోసం చేసిన పని నిలిచింది.

పదాలు – అర్థాలు

పక్షపత్రిక: పదిహేను రోజులకు ఒకసారి వచ్చే పత్రిక
లేఖకుడు: రాతపని వృత్తిగా చేసేవాడు
చందాదారుడు: పత్రికకు లేదా పుస్తకానికి ముందుగా డబ్బు కట్టినవాడు
నకలు: ఉన్నదాన్ని చూసి రాసుకున్న ప్రతి
సుధారకుడు: సంఘాన్ని సంస్కరించేవాడు
గిరాకీ: కొనేవారి కోరిక

అభ్యాసం

1. నర్మద్ ఓడిపోయాడా, గెలిచాడా? మీ అభిప్రాయాన్ని కారణాలతో పది వాక్యాలలో రాయండి.
2. మీ వీధిలో వయసు పైబడిన ఒకరిని కలిసి, ఆ వీధి ముప్పై ఏళ్ల కిందట ఎలా ఉండేదో అడిగి తెలుసుకోండి. విన్నది విన్నట్లు ఒక పేజీ రాయండి. మీ పుస్తకం పేరు కూడా హకీకత్ అని పెట్టుకోవచ్చు.

జవాబులు

ప్రగతి 1: అ) 1833లో, సూరత్‌లో. ఆ) తాపీమేస్త్రీ దగ్గర. ఇ) మీ అనుభవం రాయండి.
ప్రగతి 2: అ) 1858 నవంబరు 23న; రచనకు వ్యవధి చిక్కనందువల్ల. ఆ) డోలు కర్రలా మోత చేసి సంఘాన్ని మేలుకొలిపింది. ఇ) చందాలు, బడులకు ప్రతుల అమ్మకం, ధనికుల సాయం, నాటక రచన.